ఒకేసారి పూయని పూలు.. ఒకే కూజాలో!

పొద్దున్న ఆరు కాకముందే మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక పూలకూజా దిగుతుంది. రోజూ ఎవరో ఒకరు పంపుతారు. మెరిసే గాజు కూజా, అందులో గులాబీలు, తామరలు, చేమంతులు. పక్కన పళ్లెంలో యాపిల్స్, ద్రాక్ష. అన్నిటి మీదా మంచు బిందువులు. పైన బంగారు అక్షరాలతో ‘శుభోదయం’. మీ గ్రూప్‌లోనూ ఇదే గోల కదా! ఫోన్ స్టోరేజ్ నిండిపోతోందని విసుక్కుంటాం, నెలకోసారి కట్టగట్టి డిలీట్ చేస్తాం.

ఒక రోజు నాకు చిలిపి బుద్ధి పుట్టింది. ‘శుభోదయం’కి బదులుగా నేనూ ఒక పూలకూజా పంపాను. అది దాదాపు మూడొందల ఏళ్ల కిందటి డచ్ పెయింటింగ్. ఎవరికీ తేడా తెలియలేదు. వరసగా దండాల ఎమోజీలు పడ్డాయి. ఒక్క పెద్దనాన్న మాత్రం ఫోన్ చేశారు. నల్లజర్లలో నిమ్మతోట ఆయనది.

"అమ్మలూ, నువ్వు పెట్టిన బొమ్మలో ఏదో తేడాగా ఉందే. అన్ని రకాల పూలున్నాయి, పళ్లున్నాయి, కింద పిట్టగూట్లో గుడ్లున్నాయి. ఇవన్నీ ఒక్క నెలలో ఎలా దొరికాయి? ఎవరు కోసుకొచ్చారు?"

ఆర్ట్ గురించి యూట్యూబ్‌లో నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఇంత మంచి ప్రశ్న వేయలేదు. ఆ ఆదివారమే బస్సెక్కి నల్లజర్ల వెళ్లాను. తోటలో చెట్టు నీడన పట్టా పరిచి నిమ్మకాయలు ఏరుతున్నారు. ఆ పక్కనే కూర్చుని, ఫోన్‌లో ఒక్కో బొమ్మా జూమ్ చేసి చూపించాను. ఈ ఆర్టికల్‌లో సగం ఆయన చూపు, సగం నేను చదువుకున్నది.

రెండు తేదీల బొమ్మ

ఆ రోజు నేను గ్రూప్‌లో పెట్టింది యాన్ వాన్ హైసమ్ వేసిన బొమ్మ. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1682లో పుట్టి 1749లో పోయాడాయన. పువ్వుల బొమ్మల్లో ఆయన కాలానికి సూపర్‌స్టార్. ఈ పెయింటింగ్ ఇప్పుడు లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. మట్టికూజాలో కిక్కిరిసిన పూలు, పళ్లు, ఒక పిట్టగూడు. అసలు బొమ్మ నాలుగడుగులకు పైనే ఎత్తుంటుంది. మనం అరచేతిలో చూస్తున్నామంతే.

ఇలాంటి బొమ్మని ‘స్టిల్ లైఫ్’ అంటారు. కదలని వస్తువుల బొమ్మ. పూలు, పళ్లు, గిన్నెలు, గ్లాసులు, చేపలు, ఏవైనా కావచ్చు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు బల్ల మీద చెంబూ, ఇటుకా పెట్టి గీయమనేవారు చూడండి, అదీ ఈ వంశమే. డచ్ వాళ్లు ‘స్టిల్‌లెవెన్’ అన్నారు, అంటే నిశ్చల జీవితం. ఫ్రెంచ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘నాతూర్ మోర్త్’ అన్నారు. చచ్చిన ప్రకృతి అని! ఒకే బొమ్మకి ఒకరు ‘జీవితం’ అని, ఇంకొకరు ‘చావు’ అని పేరు పెట్టుకున్నారు.

పెద్దనాన్న అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజం. అవన్నీ ఒక్కసారి దొరకవు. యూరప్‌లో ట్యులిప్‌లు ఏప్రిల్, మే నెలల్లో పూస్తాయి. గులాబీలు జూన్‌లో విరగబూస్తాయి. ద్రాక్ష పండేసరికి సెప్టెంబరో, అక్టోబరో వస్తుంది. అప్పట్లో ఫ్రిజ్‌ల్లేవు, విమానంలో పూలు దిగే రోజులూ కావు. కాబట్టి ట్యులిప్ పక్కన పండిన ద్రాక్షగుత్తి కనిపించిందంటే ఆ కూజా ఏ బల్ల మీదా ఎప్పుడూ లేదని అర్థం. మన లెక్కలో చెప్పాలంటే మామిడి పూత, మామిడి పండు, మల్లెలు, చేమంతులు, సీతాఫలం అన్నీ ఒకే పళ్లెంలో పెట్టినట్టు. సంక్రాంతి, వేసవి, దీపావళి ఒకే రోజు వచ్చినట్టు.

అయితే ఎలా వేశారు? చాలామంది ఏ పువ్వు దొరికినప్పుడు దాన్ని విడిగా గీసుకుని దాచుకునేవాళ్లు. ఆ గీతలన్నీ ముందేసుకుని, తర్వాత తీరిగ్గా ఒక కూజాలోకి సర్దేవాళ్లు. కొందరి బొమ్మలు వరసగా చూస్తే ఒకే పువ్వు అదే వంపుతో, అదే రేకుతో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. మన భాషలో కాపీ పేస్ట్! వాన్ హైసమ్‌కి అది నచ్చలేదు. పువ్వు ఎదురుగా ఉంటేనే కుంచె పట్టేవాడు. లేకపోతే మళ్లీ సీజన్ వచ్చేదాకా ఆగేవాడు. అందుకే లండన్‌లో ఉన్న ఈ బొమ్మ మీద రెండు తేదీలుంటాయి. 1736, 1737. ఒక్క కూజా నింపడానికి రెండు సంవత్సరాలు పట్టిందన్నమాట.

1742లో బొమ్మ ఆలస్యమైనందుకు ఒక కొనుగోలుదారుడి తరఫు మనిషికి ఆయన రాసిన ఉత్తరం ఇంకా సరదాగా ఉంటుంది. నిరుడు పసుపు గులాబీ దొరకలేదట, దొరికి ఉంటే ఈపాటికి పూర్తయ్యేదట. ఇప్పుడు క్లయింట్‌కి ఇలా మెసేజ్ పెట్టి చూడండి! కానీ అవతలివాళ్లు ఆగారు. రాజులు, డ్యూకులు కూడా ఆగారు. పని చేసేటప్పుడు గదిలోకి ఎవర్నీ రానిచ్చేవాడు కాదని, సొంత తమ్ముళ్లకి కూడా తన రంగుల కిటుకు చెప్పలేదని ఆ కాలంలోనే రాశారు.

ఇంత విన్నాక పెద్దనాన్న అన్నమాట ఇది: "అయితే ఇది పూలబొమ్మ కాదే, క్యాలెండర్!"

పుచ్చుపండుకి లక్ష లీరాలు

తర్వాత చూపించింది కారవాజియో ‘పళ్లబుట్ట’. ఇటలీవాడు. 1599 ప్రాంతంలో వేశాడు. మిలాన్‌లోని అంబ్రోసియానాలో ఉంది. ఇందులో పూలు లేవు. ఒక అల్లికబుట్ట, అందులో యాపిల్, బేరికాయ, అత్తిపళ్లు, ద్రాక్ష. వెనకాల ఖాళీ గోడ. బుట్ట అంచు గట్టు దాటి మన వైపు కాస్త ముందుకొచ్చినట్టు ఉంటుంది, చెయ్యి చాపితే అందేలా.

నేను రంగులు చూస్తున్నాను. పెద్దనాన్న ఆకులు చూస్తున్నారు. రైతు కదా! "ఈ ఆకు అంచు మాడింది. దీనికి మచ్చ తెగులు. ఇక్కడ పురుగు తిన్న చిల్లులు. ఆ ఎర్రపండుకి పుచ్చు పట్టింది చూడు, లోపల పురుగుంటుంది. ఇట్టాంటి సరుకు మార్కెట్‌కి తీసుకెళ్తే పక్కన పారేస్తారు. దీన్ని పనిగట్టుకుని ఎందుకేశాడు?"

ఈ చూపుకి డిగ్రీ ఉన్న తోడు ఒకరున్నారు. అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీలో హార్టికల్చర్ ప్రొఫెసర్‌గా పనిచేసిన జూల్స్ జానిక్ అచ్చం ఇదే పని చేశారు. కారవాజియో వేసిన పళ్లన్నీ తోటలో చెట్టుని పరీక్ష చేసినట్టు పరీక్షించి, ఏ పండు, ఏ రకం, ఏ పురుగు, ఏ తెగులు అని రాసుకొచ్చారు. ఆ యాపిల్ మీది రంధ్రాలు కాడ్లింగ్ మాత్ అనే రెక్కలపురుగు పిల్ల చేసినవై ఉంటాయని ఆయన లెక్క. నాలుగొందల ఏళ్ల కిందటి బొమ్మలో పురుగుని పట్టుకోగలుగుతున్నామంటే ఆ చిత్రకారుడు ఎంత నిజాయతీగా చూశాడో ఆలోచించండి. మన తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివేవాళ్లెవరైనా ఈ ఆర్టికల్ చూస్తుంటే ఆ బొమ్మ ఒకసారి తెరిచి చూడండి. మ్యూజియం గైడ్ కంటే మీకే ఎక్కువ కనిపిస్తుంది.

పుచ్చుపండుని ఎందుకు వేశాడన్న ప్రశ్నకి పాత జవాబు ఒకటుంది. అందం నిలవదు, అన్నీ వాడిపోతాయి, మనిషి కూడా అంతే అని చెప్పడానికట. కావచ్చు. కానీ ఆ బుట్టని చూసినప్పుడు నాకు మాత్రం అంత వేదాంతం తోచదు. ముందున్నది ఉన్నట్టు చూడాలన్న మొండితనం కనిపిస్తుంది. ఎక్కడా ఫిల్టర్ వేయలేదు. ఈ బొమ్మ కార్డినల్ ఫెదెరికో బొర్రోమియో అనే పెద్ద మతాధికారి దగ్గర ఉండేది. దీనికి జోడీగా ఇంకొకటి పెడదామనుకుంటే దీని సాటి వచ్చేది దొరకలేదని, అందుకే ఒంటరిగా ఉండిపోయిందని ఆయనే రాసుకున్నాడు. తర్వాత కాలంలో ఈ బుట్ట ఇటలీ లక్ష లీరాల నోటు మీదకి ఎక్కింది. పుచ్చుపండుతో సహా!

తెగులు మాట వచ్చింది కాబట్టి ట్యులిప్‌ల సంగతి కూడా చెప్పేస్తాను. డచ్ బొమ్మల్లో తెల్లరేకుల మీద ఎర్రటి మంటల్లాంటి చారలున్న ట్యులిప్‌లు కనిపిస్తాయి. 1630ల్లో వాటి దుంపల కోసం జనం ఎగబడ్డారు. బాగా అరుదైన రకాలకి ఒక ఇల్లు కొనేంత ధర చెప్పుకున్నారు. 1637 ఫిబ్రవరిలో బేరాలు ఒక్కసారిగా కుప్పకూలాయి. క్రిప్టోలో చేతులు కాల్చుకున్నవాళ్లకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. అసలు సంగతేంటంటే, ఆ మంటల చారలు ఒక జబ్బు. పేనుబంక మోసుకొచ్చే వైరస్ వల్ల వచ్చినవి. 1920ల్లో గానీ ఈ విషయం తేలలేదు. ఇది చెప్తే పెద్దనాన్న నవ్వాగలేదు. "మా బెండతోటకి పల్లాకు తెగులొస్తే పీకి పారేశాం. అదీ వైరస్సేనన్నారు. వాళ్లకి వైరస్ వస్తే ఇళ్లు కొనుక్కున్నారా!"

సీతాకోకచిలుక అంటే ఆత్మా?

ఇంటర్నెట్‌లో ఈ బొమ్మల మీద వెతికితే ముందు దొరికేది ఒక పట్టీ. గులాబీ అంటే మేరీమాత, ద్రాక్ష అంటే క్రీస్తు రక్తం, ఈగ అంటే చావు, సీతాకోకచిలుక అంటే ఆత్మ. రీల్స్‌లో కూడా ఇదే తిప్పుతుంటారు. దాంతో బొమ్మ చూడటం డిక్షనరీ తిరగేయడంలా తయారైంది.

ఆ అర్థాలు పూర్తిగా కల్పించినవి కావు. పుర్రె, ఆరిపోయిన కొవ్వొత్తి, ఇసుక గడియారం పక్కన పువ్వు పెట్టారంటే ఆ చిత్రకారుడు చావు గురించే మాట్లాడుతున్నాడు. అనుమానం లేదు. అలాంటి బొమ్మలకి ‘వానిటాస్’ అని వేరే పేరే ఉంది. కానీ ప్రతి ఈగకీ ఒక ఉపన్యాసం అంటగట్టడం నాకు నచ్చదు. ఒక్కోసారి ఈగ అక్కడుండేది ‘చూశావా, నిజం ఈగ అనుకుని తోలబోయావ్’ అని చూసేవాణ్ణి ఆటపట్టించడానికే. గోడకి అందంగా ఉంటుందని కొనుక్కున్నవాళ్లూ బోలెడుమంది ఉన్నారు. కాబట్టి పట్టీ బట్టీ పట్టకండి. బొమ్మలో గడియారం, పుర్రె, కొవ్వొత్తి లాంటివి ఉన్నాయేమో ముందు వెతకండి. లేకపోతే చావు గోల కాసేపు పక్కన పెట్టి, అసలు అక్కడ ఏముందో చూడండి.

సీతాకోకచిలుక గురించి పెద్దనాన్నకి వేరే అభిప్రాయం ఉంది. నిమ్మతోటలో నలుపు, పసుపు మచ్చలతో ఒక సీతాకోకచిలుక తిరుగుతుంటుంది. లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన గొంగళి చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండా దానికదో వేషం. చూస్తుండగానే చిగుళ్లన్నీ తినేస్తుంది. "వాళ్లకి ఆత్మేమో గానీ, మాకు మాత్రం మందు ఖర్చు" అన్నారాయన. ఇదేమీ జోక్ కాదు. నర్సరీలో లేత మొక్కలున్నప్పుడు ఈ పురుగు పడితే మోడులే మిగులుతాయి.

రాహెల్ రైష్ ఈ మాటకి ఒప్పుకునేది అనుకుంటాను. ఈవిడ 1664 నుంచి 1750 దాకా బతికిన డచ్ చిత్రకారిణి. నాన్న శరీరశాస్త్రం, వృక్షశాస్త్రం చెప్పే పేరున్న ప్రొఫెసర్. ఇంటి నిండా సీసాల్లో జంతువులు, ఎండబెట్టిన పురుగులు, ఓడల్లో దూరదేశాల నుంచి వచ్చిన నమూనాలు. వాటిని చూసి గీస్తూ పెరిగింది. అందుకే ఆమె పూలబొమ్మల్లో పురుగులు అలంకారంలా ఉండవు, వాటి పని అవి చేసుకుంటుంటాయి. ఆకు తింటుంటాయి, ఒకదాన్నొకటి వేటాడుతుంటాయి. పదిమంది పిల్లల తల్లి. ఎనభై దాటాక కూడా బొమ్మలేసి, పక్కన తన వయసు రాసుకుంది. ఆమె బొమ్మలు బతికుండగానే 750 నుంచి వెయ్యికి పైగా గిల్డర్లకు అమ్ముడుపోయేవి. మనకి తెలిసిన రెంబ్రాంట్‌కి బతికుండగా ఒక బొమ్మకి 500 రావడమే అరుదు. అయినా ఆమె బొమ్మలన్నీ ఒకచోట చేర్చి పెద్ద ఎగ్జిబిషన్ పెట్టడానికి 2024 దాకా పట్టింది, మ్యూనిక్‌లో.

తొక్క వేలాడుతున్న నిమ్మకాయ

ఇక అసలు కథకి వద్దాం. నేను నల్లజర్ల వెళ్లిందే ఇందుకు.

డచ్ స్టిల్ లైఫ్‌లలో పదేపదే కనిపించే పండు నిమ్మ. సగం తొక్క తీసి ఉంటుంది. ఆ తొక్క పొడవాటి రిబ్బన్‌లా మెలికలు తిరిగి బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతుంటుంది. విలెమ్ కాల్ఫ్, యాన్ డే హేమ్ లాంటివాళ్లు దీన్ని వేసి వేసి ట్రేడ్‌మార్క్ చేసేశారు. ఎందుకంత మోజంటే, నిమ్మకాయ చిత్రకారుడికి పరీక్ష పేపర్ లాంటిది. పైన మైనం పూసినట్టు మెరిసే పసుపు తొక్క, దాని కింద పొడిపొడిగా తెల్లటి పొర, లోపల వెలుగు పడితే మెరిసే తడి తొనలు. మూడు రకాల ఉపరితలాలు అంగుళం మేరలో చూపించాలి. చూపించినవాడికి ఆర్డర్లు వస్తాయి. చూడ్డానికి అందంగా ఉన్నా నోట్లో పెడితే పులుపు, లోకమూ అంతే అని నీతి చెప్పేవాళ్లున్నారు. నా ఓటు మాత్రం పరీక్ష పేపర్‌కే.

పెద్దనాన్న స్క్రీన్ మీద వేలుపెట్టి చూశారు. "ఇది మన నిమ్మ కాదు. మనది కాగితంలా పలచటి తొక్క. ఇంత పొడుగు తొక్క ఎలా వస్తుంది, చిరిగిపోదూ? ఇది గజనిమ్మ లాంటిదేదో." ఆయన చెప్పింది కరెక్టే. మనం వాడేది గుండ్రటి, చిన్న నిమ్మ. ఉత్తరాదిన దాన్ని ‘కాగ్జీ’ అనేది కూడా కాగితంలాంటి తొక్క వల్లే. ఇంగ్లిష్‌లో ‘లైమ్’ అంటారు. బొమ్మలో ఉన్నది ‘లెమన్’, మందం తొక్క ఉన్న కోలపండు. చలిదేశమైన హాలెండ్‌లో అది ఆరుబయట కాయదు. మధ్యధరా తీరం నుంచి ఓడల్లో రావాలి. అంటే ఆ బల్ల మీద తొక్క వేలాడుతున్న నిమ్మకాయ ‘మా ఇంటికి ఓడసరుకు వస్తుంది’ అని చెప్పడం. ఇప్పుడు కాఫీషాప్ టేబుల్ మీద కారు తాళం, కొత్త ఫోన్ పక్కపక్కన పెట్టి ఫొటో తీసినట్టు.

ఆ ఓడలు మన దాకా కూడా వచ్చాయి. ఇది మాత్రం చాలామందికి తెలియదు. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నం చేరింది. 1613లో పాలకొల్లులో వర్తకస్థావరం పెట్టింది. నర్సాపురంలోనూ వ్యాపారం చేసింది. అవును, మనం తాడేపల్లిగూడెం మీదుగా పెళ్లిళ్లకి వెళ్లొచ్చే పాలకొల్లే! మచిలీపట్నం బందరుకోటలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ల మీద ఇంటి చిహ్నాలు, డచ్ అక్షరాలు చెక్కి ఉంటాయి.

వాళ్లు మన దగ్గర కొన్నది ముఖ్యంగా బట్ట. నేతగాళ్లు నేసిన నూలుగుడ్డ మీద చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం ఎక్కించి, కలంతో పూలు, తీగలు, పళ్లు తీర్చిన కలంకారీ. ఉతికినా రంగు పోని గుడ్డ అప్పటి యూరప్‌లో ఒక అద్భుతం. కర్టెన్లుగా, దుప్పట్లుగా, ఆడవాళ్ల గౌన్లుగా వాడుకున్నారు. అంటే చూడండి, ఒకే కాలంలో హాలెండ్ ఇళ్లలోకి రెండు రకాల పూలు వచ్చాయి. గోడకి తగిలించిన కాన్వాస్ మీద పూలు, మంచం మీద పరిచిన మన గుడ్డ మీద పూలు. మొదటిదాని మీద సంతకం ఉంది, తేదీ ఉంది, ఒక్కోదాని మీద రెండేసి తేదీలున్నాయి. రెండోదాని మీద ఏమీ లేదు. గుడ్డ మీద అంత పెద్ద పూలచెట్టుని తీర్చినవాడి పేరు మనకి తెలియదు. చిరివేరు తవ్వినవాళ్ల పేర్లూ తెలియవు.

ఇంకో చేదు సంగతి కూడా చెప్పాలి. పదిహేడో శతాబ్దంలో మన కోరమండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు, తిండిలేక అమ్ముడుపోయిన మనుషుల్ని ఇదే కంపెనీ కొని బానిసలుగా బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, సిలోన్‌కి ఓడల్లో పంపింది. వెండిపళ్లెంలో ద్రాక్ష, పింగాణీ గిన్నె, తొక్క వేలాడే నిమ్మకాయ ఉన్న ఆ మెరిసే బల్లని చూసేటప్పుడు నాకిప్పుడు ఇది కూడా గుర్తొస్తోంది. చిత్రకారుణ్ణి తిట్టడానికి కాదు. ఆయన కాయని అంత శ్రద్ధగా చూశాడు. కాయ తెచ్చినవాణ్ణి చూడమని ఎవరూ అడగలేదు, డబ్బులిచ్చిన కస్టమర్ అసలే అడగలేదు.

పట్టా మీద కాయలు ఏరుతున్న ఆవిడ అప్పటిదాకా మా మాటలు వింటూనే ఉంది. మోచేతుల దాకా నిమ్మముళ్ల గీతలు. నేను ఫోన్ అటు తిప్పి బొమ్మ చూపించాను. ఒక్క క్షణం చూసి, "సగం కోసి వదిలేశారేంటండీ? ఎండిపోదూ?" అంది. మళ్లీ పనిలో పడిపోయింది. వేసవిలో నిమ్మకి ధర పలుకుతుంది, ఒక్క కాయ కూడా వృథా కానివ్వరు. వానాకాలంలో సరుకు పోటెత్తితే, ఏలూరు మార్కెట్‌కి తీసుకెళ్తే కోతకూలి కూడా గిట్టని రోజులుంటాయి. అప్పుడు చెట్టు కింద రాలిన కాయలు అలాగే పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి. ఆ రంగు చూస్తే ఏ డచ్‌వాడైనా కుంచె తీస్తాడు. పెద్దనాన్న మాత్రం అటు చూడరు.

మన కూజాలో ఒక్క వాడిన పువ్వు లేదు

వాన్ హైసమ్ బొమ్మ ఉన్న నేషనల్ గ్యాలరీ నుంచి కాస్త దూరం నడిస్తే బ్రిటిష్ మ్యూజియం వస్తుంది. అక్కడ మన అమరావతి స్తూపం నుంచి తీసుకెళ్లిన సున్నపురాతి శిల్పాలున్నాయి. వాటిలో నోటి నిండా తామరలు పొంగుతున్న కూజాలు కనిపిస్తాయి. పూర్ణఘటం అంటారు. వాన్ హైసమ్ కూజా కంటే పదిహేను వందల ఏళ్లయినా పాతవి. అక్కడికి వెళ్లలేకపోయినా ఫర్వాలేదు, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం మధ్యలో ఉన్నది ఆ పూర్ణఘటమే. ఇంట్లో ఏదో ఒక సర్టిఫికెట్ మీద ఉంటుంది, తీసి చూడండి.

రెండు కూజాల్నీ ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే భలే తేడా తెలుస్తుంది. అమరావతి కూజాలో పువ్వు మొగ్గగా ఉంటుంది, లేకపోతే విచ్చుకుని ఉంటుంది. రాలిపోయే రేకు లేదు, పురుగు లేదు, చిల్లుపడిన ఆకు లేదు. నిండుగా ఉండటమే దాని అర్థం. మన ఇళ్లలో ఇప్పటికీ ఇదే లెక్క. కలశం మీద కొబ్బరికాయకి పగులుండకూడదు. తాంబూలంలో మచ్చల అరటిపండు పెడితే అమ్మ ఊరుకోదు. సగం తిన్న పండు ఎంగిలి, దాన్ని ఎదురుగా పెట్టడమేంటి? డచ్‌వాడు కావాలని సగం ఒలిచిన నిమ్మకాయ, కొరికిన రొట్టె, వంగిన గ్లాసు పెడతాడు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లారన్నట్టు. మనం దేవుడికి పెట్టాల్సిన పళ్లెం చూస్తాం. వాళ్లు మనిషి వదిలి వెళ్లిన పళ్లెం చూస్తారు.

ఏది గొప్పదని తేల్చే పని పెట్టుకోను. కాకపోతే మన ఉగాది పచ్చడి గిన్నె చుట్టూ పెట్టుకునే సామాను నాకు బాగా ఇష్టమైన స్టిల్ లైఫ్. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం. అన్నీ ఆ రోజుల్లో, ఆ చుట్టుపక్కలే దొరికేవి. అందులో క్యాలెండర్ మోసం లేదు.

మీకు చూడాలనిపిస్తే నేషనల్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఆ మట్టికూజా ఫ్రీగా ఉంటుంది. వేళ్లతో జూమ్ చేయండి. ముందు వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడండి, తర్వాత ఏ పువ్వు ఏ నెలదో ఊహించండి, చివరికి తేదీలు వెతకండి. సొంతంగా ఒకటి తీయాలంటే కిటికీ పక్కన ఒక స్టూలు, దాని మీద కోసిన నిమ్మకాయ, రెండు పూలు చాలు. ఫ్లాష్ ఆపేయండి. రెండు రోజుల తర్వాత, ఏదీ కదపకుండా, అదే చోటి నుంచి ఇంకోటి తీయండి. మొదటి ఫొటోకి లైకులు వస్తాయి. నన్నడిగితే రెండోదే బాగుంటుంది.

నేను తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న ఆరింటికి గ్రూప్‌లో పెద్దనాన్న ఒక ఫొటో పెట్టారు. ఆయన ఫోన్‌తో ఆయనే తీసింది, కాస్త వణికింది కూడా. ఒకే నిమ్మకొమ్మ. దాని మీద తెల్లటి పూత, పక్కనే ఆకుపచ్చ పిందె, ఇంకాస్త కింద పండిన పసుపు కాయ. నిమ్మజాతిలో ఇది మామూలే, పువ్వూ కాయా ఒకే కొమ్మన ఒకేసారి ఉండగలవు. ఒక ఆకు మీద గజ్జి తెగులు మచ్చలు, ఇంకో ఆకుకి సగం లేదు. కింద ఆయన రాసింది: ‘ఇది మోసం కాదు అమ్మలూ. ఒక్క రోజుదే.’

ఆ తర్వాత వరసగా పదహారు దండాల ఎమోజీలు పడ్డాయి. ఒక పిన్ని మాత్రం అడిగింది, "బావగారూ, ఆకు తిన్నది సీతాకోకచిలుకేనా?"